గ్రెగోరియన్ చాంట్ మీద చిన్న ఆర్గాన్ ప్రెల్యూడ్: ఏది ఎంచుకోవాలి?

దివ్యబలిపూజకు ముందు రెండు మూడు నిమిషాలు దొరుకుతాయి. ఆ కాస్త సమయంలో వాయించడానికి గ్రెగోరియన్ చాంట్ బాణీ ఆధారంగా రాసిన చిన్న ఆర్గాన్ ప్రెల్యూడ్ ఒకటి కావాలి. వెతకడం మొదలుపెడితే నాలుగు వందల ఏళ్ల సంగీతం ఎదురవుతుంది. ఫ్రెస్కోబాల్ది, బాఖ్, తూర్నెమీర్, ద్యూప్రే, దెమెస్యూ, ద్యూరుఫ్లే అందరూ ఈ పని చేశారు, అందరూ బాగా చేశారు. ఎక్కువమంది ఇక్కడ స్వరకర్త పేరు చూసి ఎంచుకుంటారు, లేదా యూట్యూబ్‌లో విని నచ్చినదాన్ని పట్టుకుంటారు. నేను చెప్పే వరుస వేరు. ముందు చాంట్‌ను ఎంచుకోండి. తర్వాత మీ ముందున్న వాయిద్యాన్ని చూసుకోండి. స్వరకర్త పేరు ఆఖరున చూడవచ్చు. ప్రెల్యూడ్ పనే వినేవాళ్లను ఒక పాటలోకి తీసుకెళ్లడం కాబట్టి, ఆ పాట ఏదో తేలకుండా ప్రెల్యూడ్ ఏదో తేలదు.

గ్రెగోరియన్ చాంట్‌లో ఒకే బాణీ ఉంటుంది, కింద హార్మనీ ఉండదు, తాళం ఉండదు. లాటిన్ మాటల నడకే దాని నడక. ఎనిమిది మోడ్‌లలో (స్వరాల మెట్ల వరుసల్లో) ఏదో ఒకదానిలో సాగుతుంది. కర్ణాటక సంగీతం కొద్దిగా తెలిసినవాళ్లకు ఈ మోడ్‌లు తేలిగ్గానే పట్టుబడతాయి. పవిత్రాత్మను ఆహ్వానించే ‘వేనీ క్రెయాతోర్ స్పిరితుస్’ ఎనిమిదో మోడ్. పాశ్చాత్య స్వరాల్లో దాని మొదటి పాదం సోల్ లా సోల్ ఫా సోల్ లా సోల్ దో రే దో. సోల్‌ను షడ్జమంగా పెట్టుకుంటే స రి స ని స రి స మ ప మ అవుతుంది, మెట్లు హరికాంభోజివి. అలాగే ‘పాంజే లింగ్వా’ పాడే మూడో మోడ్‌లో తోడి మెట్లు కనిపిస్తాయి. మెట్ల వరకే ఈ పోలిక. గమకాలు, రాగ సంచారాలు ఇక్కడ ఉండవు, వాటిని తెచ్చిపెడితే చాంట్ చెడుతుంది. బాణీని నోటితో పాడుకుని గుర్తుపెట్టుకోవడానికి మాత్రం ఈ దారి బాగా పనికొస్తుంది.

ముందుగా తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు రోజు. ప్రతి చాంట్‌కూ ఒక పండుగో, ఒక కాలమో ఉంది. ‘రొరాతే చేలి’ ఆగమన కాలానిది. ‘వేనీ క్రెయాతోర్’ పెంతెకోస్తుకు, గురుపట్టాభిషేకాలకు. ‘ఉబీ కారితాస్’ పవిత్ర గురువారానిది. ఇంతవరకూ అందరికీ తెలుసు. చాలామంది చిక్కుకునేది తపస్కాలం నియమం దగ్గర. రోమన్ మిస్సల్ సామాన్య నియమావళి 313వ అంశం ప్రకారం తపస్కాలంలో ఆర్గాన్‌ను, ఇతర వాయిద్యాలను పాటకు తోడుగా మాత్రమే వాయించాలి. విడిగా వాయించకూడదు. నాలుగో ఆదివారం, మహోత్సవాలు, పండుగలు మాత్రమే మినహాయింపు. ఆగమన కాలంలో వాయించవచ్చు, కానీ మితంగా, క్రిస్మస్ ఆనందాన్ని ముందే ఖర్చు చేయకుండా. అంటే ఎంతో అందమైన తపస్కాలపు చాంట్ ప్రెల్యూడ్‌లను తపస్కాలపు పూజలోనే వాయించలేం. దీనికి దారి ఉంది, దెమెస్యూ దగ్గర చెబుతాను. లూథరన్, సీఎస్ఐ సంఘాల వాళ్లకు ఈ నియమం వర్తించదు.

రెండోది, బాణీ ఎలా వినబడుతుంది అన్నది. చాంట్‌ను ప్రెల్యూడ్‌గా మలచడానికి స్వరకర్తలకు కొన్ని దారులున్నాయి. ఒక్కో స్వరాన్ని పొడుగ్గా సాగదీసి, చుట్టూ మిగతా గొంతులను, అంటే తోడుగా నడిచే స్వర వరుసలను, నడిపించడం ఒకటి. బాణీని పైగొంతులో సూటిగా పెట్టడం ఒకటి. దాన్ని అలంకరించడం ఒకటి. ముక్కలు చేసి ఒకదాని వెనక ఒకటి తరుముతున్నట్టు ఫ్యూగ్ కట్టడం మరొకటి. సాగదీసిన బాణీని కొత్త శ్రోత గుర్తుపట్టలేడు. మీ సంఘం వాళ్లకు చాంట్ ముందే తెలిసి ఉంటే ఏ దారైనా ఫర్వాలేదు. పూజ తెలుగులోకి వచ్చాక పుట్టిన తరాలకు లాటిన్ చాంట్ పెద్దగా పరిచయం లేదు కాబట్టి, మన ఊళ్లలో బాణీ పైకి తేలే రచననే ఎంచుకోమంటాను.

మూడోది పెడల్. ఇక్కడ పెడల్ అంటే కాళ్లతో వాయించే మెట్ల వరుస. కీబోర్డుకు తగిలించే సస్టెయిన్ పెడల్ వేరే సంగతి. అసలు ఆర్గాన్ స్వరాలకు సస్టెయిన్ వాడకండి, గొంతులన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోతాయి.

శ్రుతి కూడా చూసుకోవాలి. ప్రెల్యూడ్ ఒక శ్రుతిలో ముగిసి, వెంటనే పాట మరో శ్రుతిలో ఎత్తుకుంటే వాయించినదంతా వృథా. ఆఖరిది కాపీరైట్. మన దేశంలో స్వరకర్త చనిపోయిన ఏడాది ముగిశాక మరో 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. కింద పట్టికలో ఆ లెక్క కూడా ఉంది.

| రచన | మూల చాంట్ | పెడల్ | బాణీ వినబడే తీరు | హక్కులు (భారత్‌లో) |
|---|---|---|---|---|
| ఫ్రెస్కోబాల్ది, ‘ఫియోరీ మ్యూజికాలి’ కిరియెలు (‘ప్రభువా, కరుణించు’ ప్రార్థన ముక్కలు), 1635 | పూజలోని కిరియె బాణీలు | అక్కర్లేదు | పొడుగు స్వరాల్లో, అనుకరణల్లో | లేవు |
| బాఖ్, బీడబ్ల్యూవీ (బాఖ్ రచనల జాబితా సంఖ్య) 631 | ‘వేనీ క్రెయాతోర్’, లూథర్ కోరల్ (సంఘగానం) రూపంలో | తప్పనిసరి | పైగొంతులో సూటిగా | లేవు |
| తూర్నెమీర్, ‘లోర్గ్ మిస్తీక్’ ప్రవేశ ప్రెల్యూడ్‌లు, 1927–32 | ఆ రోజు ప్రవేశ గీతం | ఉంటే మేలు | స్వేచ్ఛగా, ఛాయగా | లేవు |
| ద్యూప్రే, ‘తోంబో ద తిత్లూజ్’, 1942 | 16 స్తుతిగీతాలు | కావాలి | ముక్కను బట్టి | 2031 చివరి వరకు |
| దెమెస్యూ, 12 కోరల్ ప్రెల్యూడ్‌లు, 1947 | 12 బాణీలు | కావాలి | ముక్కను బట్టి | 2028 చివరి వరకు |
| ద్యూరుఫ్లే, ఎపిఫనీ (ముగ్గురు జ్ఞానుల పండుగ) ప్రెల్యూడ్, 1961 | ‘ఎక్చే అద్వేనిత్’ | కావాలి | స్పష్టంగా | 2046 చివరి వరకు |

ఫ్రెస్కోబాల్ది: కీబోర్డు ఒక్కటే ఉన్నవాళ్లకు

జిరోలామో ఫ్రెస్కోబాల్ది రోములో సెయింట్ పీటర్స్ ఆర్గానిస్టు. 1635లో వెనిస్‌లో అచ్చయిన ‘ఫియోరీ మ్యూజికాలి’లో మూడు పూజలకు సంగీతం ఉంది: ఆదివారాలకు, అపొస్తలుల పండుగలకు, మరియమాత పండుగలకు. అప్పట్లో ఆర్గాన్, గాయకులు వంతులు వేసుకునేవాళ్లు. ఒక కిరియె ఆర్గాన్ వాయిస్తే, తర్వాతిది గాయకులు పాడేవాళ్లు. అందుకే ఈ ముక్కలు అంత చిన్నవి. రెండు పేజీలు దాటవు, నిమిషం రెండు నిమిషాల్లో అయిపోతాయి.

వీటిని రెండు చేతులతోనే వాయించవచ్చు. మన చర్చిల్లో కనిపించే 61 మెట్ల కీబోర్డు సరిపోతుంది. చర్చ్ ఆర్గాన్ టోన్‌లలో మరీ హోరుగా లేనిదాన్ని, ఫ్లూట్ లేదా ప్రిన్సిపల్ దగ్గరగా ఉన్నదాన్ని పెట్టుకుని, రిథమ్ పూర్తిగా ఆపేయండి. ఆదివారపు పూజ కిరియె ‘ఓర్బిస్ ఫాక్తోర్’ సామాన్య ఆదివారాలకు చెందినది కాబట్టి ఏడాదిలో ఎక్కువ వారాలు దీన్ని వాడుకోవచ్చు. ఇది పెద్ద లాభం.

కష్టం ఎక్కడంటే, నాలుగు గొంతుల అల్లికలో పొడుగు స్వరాలను వేలు ఎత్తకుండా పట్టి ఉంచాలి. పాటలకు కార్డ్‌లు కొట్టడం అలవాటైన చేతికి ఇది కొత్త. ఒక్కో గొంతునూ విడిగా పాడి, తర్వాత రెండేసి కలిపి వాయిస్తూ పోతే దారికొస్తుంది. వినేవాళ్లకు బాణీ సులువుగా అందదని ముందే చెప్పాను. దానికి మందు పాత పద్ధతిలోనే ఉంది: ఒక్క కిరియె అయినా గాయక బృందం చేత పాడించండి, తర్వాత వాయించండి. అప్పుడు అది ఏమిటో అందరికీ తెలుస్తుంది. బాఖ్ ఈ పుస్తకం ప్రతిని 1714లో సొంతం చేసుకున్నాడు. దీన్ని వాయించాక బాఖ్‌ను మొదలుపెడితే ఆ చదువు ఎక్కడిదో వేళ్లకే తెలుస్తుంది.

బాఖ్: ఎనిమిది గతుల్లో (బార్లలో) పెంతెకోస్తు

కచ్చితంగా చెప్పాలంటే బాఖ్ రాసినవి చాంట్ ప్రెల్యూడ్‌లు కావు. మార్టిన్ లూథర్ 1524లో పాత లాటిన్ స్తుతులను జర్మన్ సంఘగానాలుగా మార్చాడు, వాటి మీద బాఖ్ ప్రెల్యూడ్‌లు రాశాడు. కానీ బాణీ వంశం మారలేదు. ‘వేనీ క్రెయాతోర్’ లూథర్ చేతిలో ‘కోమ్ గోట్ ష్యోప్ఫర్’ అయింది. ఆగమన కాలపు ‘వేనీ రెదెంప్తోర్ జెంత్సియుం’, ‘నూన్ కోమ్ దేర్ హైడెన్ హైలాండ్’ అయింది. మొదటిదాని ప్రెల్యూడ్ బీడబ్ల్యూవీ 631, రెండోదానిది 599. రెండూ ‘ఓర్గెల్‌బ్యూక్లైన్’ సంపుటిలోవే.

631 ఎనిమిదే గతులు. బాణీ పైగొంతులో మొదటినుంచి చివరిదాకా తెగకుండా వినిపిస్తుంది. కింద పెడల్ దెబ్బ మీద పడదు, ఒక్కో దెబ్బ తోకలో చిన్నగా తగిలి వదిలేస్తుంది. ఆ చిన్న తట్టులోనే ముక్క ప్రాణమంతా ఉంది. కాలు ఆలస్యమైతే పరుగు కాస్తా కుంటి నడక అవుతుంది. అందుకే ముక్క చిన్నదే అయినా తేలిక అని చెప్పను. దీన్నే బాఖ్ తర్వాత పెంచి 667 చేశాడు. అక్కడ మొదట పైగొంతులో వచ్చిన బాణీ రెండోసారి పెడల్‌లో వస్తుంది. 631 చేతికొచ్చాక, పెద్ద పండుగ రోజు ఇంకాస్త సమయం ఉంటే 667కు వెళ్లండి.

పెడల్ లేనివాళ్లు పూర్తిగా వదులుకోనక్కర్లేదు. పెడల్ వరుసను పక్కన మరొకరు రెండో కీబోర్డు మీద వాయించవచ్చు. స్తోత్రాలకు బేస్ వాయించే కుర్రాడుంటే అతనికే ఇవ్వండి, తట్టు భలే పట్టుకుంటాడు. శ్రుతి విషయానికొస్తే, ఇది సోల్ మీద ఉంది, పాడేటప్పుడు జనానికి పై స్వరాలు ఎత్తుగా ఉంటాయి. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ రెండు మెట్లు తగ్గించి, పాట కూడా అక్కడే ఎత్తుకోండి.

1842లో మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చినప్పటి నుంచి వేళ్లూనిన ఆంధ్ర లూథరన్ సంఘాలకు ఈ ముక్కలు వరసకు దగ్గరివి. లూథర్ కోరల్‌తో నేరుగా కలిసేవి పై పట్టికలో ఇవే.

తూర్నెమీర్, ద్యూరుఫ్లే: గురుశిష్యులు, ఒకే చాంట్

షార్ల్ తూర్నెమీర్ పారిస్‌లో సెయింట్ క్లోతిల్ద్ ఆర్గానిస్టు. ఏడాది పొడుగునా ఆదివారాలకు, పండుగలకు 51 సంపుటాలు రాశాడు. దాదాపు ప్రతిదానిలోనూ ఐదు ముక్కలు, మొదటిది ప్రవేశ గీతానికి ప్రెల్యూడ్. పూజ చేసే ఫాదర్ పీఠం వైపు నడిచేలోపు అయిపోవాలి కాబట్టి చాలా చిన్నవి. ‘చిన్న చాంట్ ప్రెల్యూడ్’ అన్న మాటకు ఇంతకంటే సరైన ఉదాహరణ ఇంకొకటి లేదు. ఏ పండుగకు కావాలన్నా ఉంటుంది, మన దేశంలో కాపీరైట్ బాధ లేదు. కానీ ఆయన రాసింది ఆ చర్చిలో కవాయే-కోల్ అనే ఆర్గాన్ నిర్మాత 1859లో కట్టిన ఆర్గాన్ రంగులను దృష్టిలో పెట్టుకుని. స్టాప్‌ల (నాదపు రంగును మార్చే మీటల) కలయికే సగం సంగీతం. ఒకే టోన్ ఉన్న కీబోర్డు మీద వాయిస్తే స్వరాలు మిగులుతాయి, సంగీతం పోతుంది. బాణీ కూడా నేరుగా నిలబడదు, ఊహలోకి జారిపోతూ ఉంటుంది. పెద్ద ఆర్గాన్ దొరికే విదేశీ తెలుగువాళ్లకు, చాంట్ పాడే బృందం ఉన్న చర్చిల్లో వాయించేవాళ్లకు ఇది నా మొదటి సలహా. మిగతావాళ్లకు కాదు.

మోరిస్ ద్యూరుఫ్లే ఆయన శిష్యుడు. రువాన్ కెథడ్రల్ గాయక పాఠశాలలో చిన్నప్పటి నుంచి చాంట్ పాడుతూ పెరిగాడు. ఎపిఫనీ ప్రవేశ గీతం ‘ఎక్చే అద్వేనిత్’ మీద గురువు ఏడో సంపుటంలో ప్రెల్యూడ్ రాస్తే, అదే బాణీ మీద ఓపస్ (రచన సంఖ్య) 13గా 1961లో శిష్యుడూ రాశాడు. రెండూ పక్కపక్కన పెట్టి వింటే ఇద్దరి స్వభావాలు తెలిసిపోతాయి. గురువు చాంట్ చుట్టూ ధ్యానం చేస్తాడు, శిష్యుడు చాంట్‌నే మాట్లాడనిస్తాడు. నేనైతే శిష్యుడి పక్షమే. రెండు, మూడు స్వరాల గుంపులుగా కదిలే చాంట్ నడక ఆయన రక్తంలో ఉంది, గతి గీతలు దాన్ని కట్టిపడేయలేదు. ఏడాదికి ఒక్క పండుగకే పనికొస్తుందన్నది దీని లోటు. నోట్స్ కొనే ఖర్చు ఆ లెక్కలో వేసుకోండి.

ద్యూప్రే: నేర్చుకునేవాళ్లకు

పియానో వచ్చి, పెడల్ ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లకు మార్సెల్ ద్యూప్రే ‘తోంబో ద తిత్లూజ్’ మంచి నిచ్చెన. 1623లో చాంట్ స్తుతుల మీద ఆర్గాన్ పుస్తకం అచ్చువేసిన రువాన్ ఆర్గానిస్టు జెహాన్ తిత్లూజ్‌కు నివాళి ఇది. 16 ముక్కలు సులువు నుంచి కష్టానికి వెళ్తాయి. మొదటిది ఆగమన కాలపు ‘క్రెయాతోర్ ఆల్మే సీదెరుం’, చివరిది సకల పునీతుల పండుగ స్తుతి మీద ఝళిపించే తొకాటా, అంటే వేళ్లు పరుగెత్తే వేగపు ముక్క. మొదటి నాలుగైదు నేర్చుకుని, తొకాటా జోలికి కొన్నాళ్లు వెళ్లకండి.

దెమెస్యూ: ఒక్క పుస్తకమే కొనగలిగితే

జాన్ దెమెస్యూ ద్యూప్రే శిష్యురాలు. పన్నెండేళ్ల వయసులోనే పారిస్‌లో సెంత్-ఎస్ప్రీ చర్చి ఆర్గానిస్టు అయింది, 1962 నుంచి మద్లెన్ చర్చిలో వాయించింది, 1968లో నలభై ఏడేళ్లకే కన్నుమూసింది. ఓపస్ 8లోని పన్నెండు ప్రెల్యూడ్‌లను నేను ఇంతగా ఇష్టపడటానికి కారణం, ఒక్కోదానికీ ఒక్కో రూపం ఇచ్చింది. ‘రొరాతే చేలి’ అలంకరించిన కోరల్. ‘స్తాబాత్ మాతెర్’ సాగే గానం. ‘ఉబీ కారితాస్’ పాత పద్ధతి రిచెర్కారె (ఫ్యూగ్‌కు ముందటి రూపం). ‘హోసాన్నా ఫీలియో దావీద్’ ఫ్యూగ్. ‘తూ ఎస్ పేత్రూస్’ కవాతు నడక. ‘వేనీ క్రెయాతోర్’ తొకాటా. చాంట్‌ను ఎన్ని విధాలుగా మలచవచ్చో ఒకే పుస్తకంలో నేర్పుతుంది. పైన చెప్పిన దారులన్నీ వేళ్లతోనే తెలుసుకోవచ్చు.

పుస్తకం పేరులో గ్రెగోరియన్ అని ఉన్నా అన్నీ చాంట్‌లు కావు. ‘అదెస్తే ఫిదేలెస్’ పద్దెనిమిదో శతాబ్దపు పాట. ‘ఓ ఫిలీ ఎత్ ఫిలియే’ పదిహేనో శతాబ్దంలో రాసిన ఈస్టర్ గీతం. వాయించడానికి ఇదేమీ అడ్డు కాదు, పోటీకో పరీక్షకో చాంట్ రచన అని రాసిచ్చేటప్పుడు మాత్రం ఈ రెండూ వదిలేయండి.

ఇక తపస్కాలం చిక్కు. పన్నెండింటిలో నాలుగు ఆ కాలానివే: ‘అత్తెందే దోమినె’, ‘స్తాబాత్ మాతెర్’, ‘వెక్సిల్లా రేజిస్’, ‘హోసాన్నా’. పూజలో వాటిని విడిగా వాయించలేం. పవిత్ర గురువారం గ్లోరియా తర్వాత ఆర్గాన్ పాటకు తోడుగా తప్ప మోగకూడదు కాబట్టి, ‘ఉబీ కారితాస్’ ప్రెల్యూడ్‌కు కూడా ఆ రాత్రి చోటు లేదు. అయినా వీటికి వేరే రోజులున్నాయి. వ్యాకుల మాత పండుగ సెప్టెంబర్ 15, ఆ రోజు ‘స్తాబాత్ మాతెర్’ హాయిగా వాయించండి. దానికి ముందు రోజు, సెప్టెంబర్ 14, పవిత్ర సిలువ పండుగ, ‘వెక్సిల్లా రేజిస్’కు అంతకంటే తగిన రోజు లేదు. ప్రేమ ఉన్న చోట దేవుడుంటాడని పాడే ‘ఉబీ కారితాస్’ పెళ్లిపూజకు చక్కగా సరిపోతుంది. ‘హోసాన్నా’ను కచేరీకి ఉంచుకోండి.

ఎవరికి ఏది

కీబోర్డు మాత్రమే ఉండి, వారం వారం వాయించే మీకు ఫ్రెస్కోబాల్ది. బాఖ్‌తో మొదలుపెట్టమని చాలామంది చెబుతారు, నేను చెప్పను. కాళ్ల పని చేతులతో సర్దుకుంటూ వాయిస్తే 631 నీరుగారిపోతుంది. తోడు ఒకరు దొరికితే అప్పుడు చూడండి.

పియానో చదువుకుని, ఎక్కడో ఒక చోట పెడల్ ఆర్గాన్ మీద సాధన చేసే వీలున్న విద్యార్థికి ద్యూప్రే మొదటి ముక్కలు, వాటి వెంట 599. పరీక్షకో పోటీకో ఒకే ముక్క కావాలంటే 631.

అమెరికాలోనో యూరప్‌లోనో రెండు మాన్యువల్‌లు (చేతి కీబోర్డులు), పెడల్ ఉన్న ఆర్గాన్ దగ్గర కూర్చునేవాళ్లు దెమెస్యూ పుస్తకం కొనండి. రొరాతేతో మొదలుపెట్టి ఉబీ కారితాస్‌కు వెళ్లండి, తొకాటాను చివరికి ఉంచండి. చాంట్ పాడే బృందం కూడా ఉంటే ఆ పక్కనే తూర్నెమీర్. కాపీ తీసిన నోట్స్‌తో ద్యూప్రే, దెమెస్యూ, ద్యూరుఫ్లే వాయించకండి, హక్కులు ఇంకా నడుస్తున్నాయి. ఫ్రెస్కోబాల్ది, బాఖ్ నోట్స్ ఐఎంఎస్ఎల్‌పీ అనే ఆన్‌లైన్ నోట్స్ భండారంలో ఉచితంగా దొరుకుతాయి.

ఏది ఎంచుకున్నా, వాయించే ముందు ఆ చాంట్‌ను లాటిన్ మాటలతో పైకి పాడండి. ఒక పాదం ఒక ఊపిరిలో పూర్తవ్వాలి. బాణీ సూటిగా వచ్చే ముక్కకు ఆ ఊపిరి వేగమే మీ వేగం. సాగదీసినదానికి మాత్రం చుట్టూ నడిచే గొంతుల నడక చూసుకోండి.